ప్రతిరక్షకముల సాక్ష్యము

మన పాఠశాల వార్షిక సంచికకు ఒక వ్యాసము పంపుమని సంపాదకవర్గమువారు కోరగా, దూరపు విషయముల జోలికి పోక మా దినచర్యను గూర్చియే వ్రాయుట మేలని తలచితిమి. మా పని యేమని బంధువులు అడిగినప్పుడు మేము చెప్పు ఉత్తరము మిక్కిలి పొట్టిది. ఈగలను పెంచుదుము, వాని పురుగులను కోయుదుము, రంగు వేసి సూక్ష్మదర్శినిలో చూతుము. విని నవ్వనివారు అరుదు. ఓరుగల్లులో పుట్టి, ఈ బడిలో పదవ తరగతి ముగించి, కాకతీయ విశ్వవిద్యాలయములో జంతుశాస్త్రము చదివి, హైదరాబాదునకు పోయి తుదకు ఈగల పాలైతిమని మా యింటివారు కొన్నియేండ్లు విచారించిరి. వారి విచారమునకు కొంత ఉపశమనముగాను, జీవశాస్త్రమునందు ఆసక్తిగల విద్యార్థులకు కొంత ఉపయోగముగాను ఉండునని ఈ నాలుగు మాటలు వ్రాయుచున్నాము.

ఎనుమాముల మార్కెటు దారిలో అరటిపండ్ల బండ్లమీద ముసురుకొను సన్నని యీగలను మీరందరు చూచియున్నారు. ఎఱ్ఱని కన్నులు, నువ్వుగింజంత దేహము. శాస్త్రజ్ఞులు ఆ జాతిని డ్రోసోఫిలా అందురు. మేము పెంచునది దీనినే. ఈగకు రెండే రెక్కలు. తేనెటీగకు నాలుగు, సీతాకోకచిలుకకు నాలుగు, తూనీగకు నాలుగు. ఈగకును దోమకును మాత్రము రెండు. తక్కిన రెండు ఏమైనవి? చచ్చిన యింటి యీగ నొకదానిని తీసికొని, రెక్క మొదట నున్న చిన్న పొరను సూదితో తొలగించి, భూతద్దముతో చూడుడు. సన్నని కాడకు గుండుసూది తలవంటి గుబ్బ యొకటి కనబడును. దోమయందు పొర యడ్డము లేదు గనుక ఇంకను తేటగా కనబడును. ఇరుప్రక్కల చెరియొకటియు భీముని గదవలె నుండు ఈ యవయవములను హాల్టీరులందురు. ఎగురునప్పుడు ఇవి రెక్కలతోపాటు ఆడుచు, దేహము ఎటు ఒరిగినదో ఈగకు తెలుపును. ఇవి పోయిన యీగ నిలకడగా ఎగురజాలదు. పూర్వము వెనుక రెక్కలుగా నున్నవే కాలక్రమమున ఈ గదలైనవి.

ఈగ పెరుగునప్పుడు ఆ తావున రెక్క వలదు, గద కావలెనని యాజ్ఞ యిచ్చునది ఒక ప్రోటీను. దాని పేరు అల్ట్రాబైథొరాక్స్. పేరు నోరు తిరుగనిది గాని పని తేటయైనది. మన దేహమందైనను, ఈగ దేహమందైనను, ఇంచుమించు ప్రతి జీవకణములోను జన్యువులన్నియు ఉండును. ఏ కణములో ఏ జన్యువు పలుకవలెనో, ఏది మౌనముగా నుండవలెనో నిర్ణయించుటకు కొన్ని ప్రోటీనులు కేంద్రకములోనికి పోయి డి.ఎన్.ఏ.ను పట్టుకొనును. వీనిని ట్రాన్స్‌క్రిప్షన్ ఫ్యాక్టరులందురు. పాఠ్యపుస్తకముల భాషలో అనులేఖన కారకములు. పిండము అవయవములుగా ఏర్పడు కాలమున పనిచేయు కారకములలో అల్ట్రాబైథొరాక్స్ ప్రసిద్ధమైనది. అమెరికాలోని పాసడీనా నగరమున ఎడ్వర్డ్ లూయిస్ అను పండితుడు అనేక సంవత్సరములు ఈగలను సంకరపరచి, వక్షముయొక్క మూడవ ఖండములో ఈ జన్యువు పని చేయకుండ చేసినచో గదల స్థానమున మరియొక జత రెక్కలు మొలచునని చూపెను. ఆయన 1978లో ప్రకటించిన వ్యాసమును నేటికిని మా రంగమువారు పాఠముగా చదువుదురు. 1995లో ఆయనకు నోబెల్ బహుమానము పంచి యిచ్చిరి. నాలుగు రెక్కల యీగ చిత్రమును చూచినప్పుడు మాకు కలిగిన యాశ్చర్యము ఇప్పటికిని తగ్గలేదు.

అయినను, రెక్క మొలచిన తరువాత చూచుట వేరు, ఆజ్ఞ యిచ్చుచున్న ప్రోటీనును ఆ క్షణమున ఆ కణములో చూచుట వేరు. అది సూక్ష్మదర్శినికి అందునంతటి పెద్దది కాదు. దానికి రంగు లేదు. ఒక్కొక్క కణములో దానితోపాటు వేలకొలది యితర ప్రోటీనులు కిక్కిరిసి యుండును. జాతరలోని జనసమూహములో ఒక్క మనిషిని వెదకవలసినవాడు ఏమి చేయును? ఆ మనిషిని ఎరిగినవానిని వెంట తీసికొని పోవును. మాకు అట్లు వెంట వచ్చువారు ప్రతిరక్షకములు, అనగా యాంటీబాడీలు.

ఈ మాట మీ యిండ్లకు క్రొత్తది కాదు. జ్వరము విడువనప్పుడు వైద్యుడు వ్రాయు వైడాల్ పరీక్ష 1896 నాటిది. రోగి రక్తములో టైఫాయిడ్ క్రిమిని పట్టు ప్రతిరక్షకములు ఉన్నవా యని అందు చూతురు. రక్తము ఏ వర్గమునకు చెందినదో చెప్పుటకు పలకమీద చుక్కలు కలిపి గడ్డకట్టుటను చూచుటయు ప్రతిరక్షకముల పనియే. 2020, 2021 సంవత్సరములలో కోవిడ్ వచ్చినప్పుడు ముక్కులో పుల్ల పెట్టి తీసిన ద్రవమును చిన్న పట్టీమీద పోసి, ఒక గీత వచ్చునా రెండు గీతలు వచ్చునా యని ఎదురుచూచిన దినములు మరువరానివి. ఆ పట్టీలో ఒక గీత రోగమును చెప్పును. రెండవది, పరీక్ష సరిగా నడచినదని మాత్రమే చెప్పును. రెండవ గీత రానిచో మొదటిదానిని నమ్మరాదు. ఈ రెండవ గీతను చదువరులు జ్ఞాపకముంచుకొనవలెను. ముందు దానితో పనియున్నది.

దేహములో ప్రవేశించిన పరాయి పదార్థమును పట్టుకొనుటకు రక్తములో పుట్టు ప్రోటీనులే ప్రతిరక్షకములు. బెర్లిను నగరమున బేరింగ్, కిటసాటో అనువారు 1890లో వీని శక్తిని మొదట వెల్లడించిరి. వీనికి మెరయు రంగును తగిలించి, కణజాలములో దాగియున్న పదార్థములను వెదకవచ్చునని 1941లో ఆల్బర్ట్ కూన్స్ చూపెను. అయితే జంతువు రక్తమునుండి తీసిన ద్రవములో ఒక్క ప్రతిరక్షకము కాక పెక్కువిధములైనవి కలసియుండును. 1975లో కేంబ్రిడ్జిలోని అణుజీవశాస్త్ర ప్రయోగశాలలో జార్జ్ కోలర్, సీజర్ మిల్‌స్టీన్ అనువారు ఈ చిక్కును విడదీసిరి. ప్రతిరక్షకమును చేయు చుంచెలుక ప్లీహకణమును, చావులేక పెరుగు క్యాన్సరు కణముతో కలిపి ఒక్కటిగా చేసిరి. అట్టి కణముయొక్క సంతతి యంతయు ఎన్నటికిని ఒకే ప్రతిరక్షకమును చేయుచుండును. తొమ్మిదేండ్ల తరువాత, 1984లో, వారికి నోబెల్ బహుమానము లభించెను. ఆ సంవత్సరముననే, ఆ కేంబ్రిడ్జిలోనే, రాబర్ట్ వైట్, మైకేల్ విల్కాక్స్ అనువారు ఈ పద్ధతిచే అల్ట్రాబైథొరాక్స్‌ను పట్టు ప్రతిరక్షకమును చేసి, ఈగ పిండములో అది ఎక్కడెక్కడ నున్నదో ప్రకటించిరి. ఎఫ్.పి. 3.38 అను సంఖ్యగల ఆ ప్రతిరక్షకమునే మేమును వాడుచున్నాము. ఒక చుంచెలుక చేసిన మేలు నలువదేండ్లుగా లోకమంతట చెల్లుచున్నది.

ఇక మా వంటశాలలోనికి రండు. ఇరువదియైదు డిగ్రీల వేడిమిలో ఉంచిన సీసాలలో గ్రుడ్డు పెట్టిన అయిదవ దినమున పురుగులు మేత విడిచి సీసా గోడలమీదికి ప్రాకును. వానిని పట్టి, చల్లని ఉప్పునీటిలో సన్నని పట్టుకారులతో రెండుగా చీల్చి, ముందరి సగమును మేజోడు వలె లోపలి భాగము వెలికి వచ్చునట్లు తిరుగవేయుదుము. రేపటి రెక్కయు రేపటి గదయు అప్పటికే చిన్న బిళ్లలుగా మడతపడి, ప్రక్కప్రక్కనే యుండును. రెక్క బిళ్లలో సుమారు ఏబదివేల కణములు. గద బిళ్ల అందులో అయిదవవంతు. ఫార్మాల్డిహైడు ద్రవములో ఇరువది నిమిషము లుంచినచో ప్రోటీనులన్నియు ఉన్నచోటనే బిగిసిపోవును. తరువాత సబ్బువంటి ద్రవముతో కణముల పొరలకు రంధ్రములు చేసి, ప్రతిరక్షకము లోపలికి పోవుటకు దారి యేర్పరతుము. కనబడిన ప్రతిచోటను అది అంటుకొనకుండ ముందుగా వేరొక ప్రోటీనును పోసి ఖాళీలను నింపుదుము. అప్పుడు ఎఫ్.పి. 3.38ను పోసి రాత్రియంతయు శీతలపేటికలో ఉంచుదుము. మరునాడు కడిగి, చుంచెలుక ప్రతిరక్షకములను గుర్తుపట్టునట్టి మేక ప్రతిరక్షకమును పోయుదుము. మెరయు ఎఱ్ఱరంగు దీనికి తగిలింపబడి యుండును. మరల కడుగుదుము.

కడుగుట యన్నది చెప్పుటకు ఒక్క మాట. చేయుటకు సగము దినము. మా మేనత్తగారి యిల్లు కొత్తవాడలో ఉన్నది. జంపఖానాలకు నూలు అద్దు ఇండ్లలో పెరిగినవారికి ఈ మర్మము చెప్పనక్కరలేదు. అద్దిన నూలును జాడించిన నీరు తేటపడువరకు జాడింపవలెను. పట్టిన రంగు నిలుచును, పట్టని రంగు పోవును. తొందరపడి రెండు ముంపులతో ముగించిన నూలు ప్రక్క చారకు రంగు నంటించును. మా బిళ్లలకును ఇదే ధర్మము.

ఇంత పని ముగిసిన తరువాత చీకటి గదిలో, కన్‌ఫోకల్ సూక్ష్మదర్శిని ముందు కూర్చున్నప్పుడు, గద బిళ్లలోని కేంద్రకములు ఎఱ్ఱని చుక్కలై వెలుగును. ప్రక్కనున్న రెక్క బిళ్ల చీకటిగా నుండును. ఒకసారి సెలవులకు వచ్చినప్పుడు ఆ చిత్రమును మేనత్తగారికి చూపితిమి. ఆమె అద్దములు పెట్టుకొని చాలసేపు చూచి, "మంచిగున్నది బిడ్డా. గని, ఆ మెరిసేది నువ్వు దేవులాడేదేనని నీకెట్ల తెలుసు? దానికి పేరు రాసి ఉన్నదా?" అని అడిగెను. పెద్ద సభలలో పెద్దవారు అడిగిన ప్రశ్నలు పెక్కు విన్నాము గాని, ఇంతకంటె సూటియైనది వినలేదు. మా వృత్తి యంతయు ఆ ప్రశ్నలోనే యున్నది.

మేము చూచునది ప్రోటీనును కాదు, రంగును. ఆ రంగు మేక ప్రతిరక్షకమును అంటియున్నది. మేక ప్రతిరక్షకము చుంచెలుక ప్రతిరక్షకమును అంటియున్నది. అది దేనిని అంటియున్నదో అదియే మనకు కావలసినది. నడుమ ఇందరు మధ్యవర్తులు ఉన్న వ్యవహారములో సాక్షిని ప్రశ్నింపక తీర్పు చెప్పుట న్యాయము కాదు. వారిలో ఒకడు ఎవనిని చూచినను "వీడే" యనువాడైనచో?

అట్టిదే మా ప్రయోగశాలలో జరిగినది. మాకు పై తరగతిలో నున్న యొక అక్కగారు వేరొక అనులేఖన కారకమును గూర్చి మూడు సంవత్సరములుగా పని చేయుచుండెను. దాని ప్రతిరక్షకమును కుందేలు రక్తమునుండి తీసి, విదేశపు వర్తకుడొకడు అమ్ముచుండెను. చిటికెడు ద్రవమునకు ఆమె నెల భృతిలో సగము వెల. మొదటి సీసా చక్కగా పని చేసెను. అది అయిపోగా అదే పేరుతో, అదే సంఖ్యతో రెండవ సీసా తెప్పించిరి. అందులోను బిళ్లలు వెలిగినవి; ఇంకను ప్రకాశముగానే వెలిగినవి. ఒక సంవత్సరముపాటు తీసిన చిత్రములు చూచినవారందరు మెచ్చుకొనిరి. వ్యాసము పంపుటకు పూర్వము ఆమె, ఎవరును అడుగకయే, ఆ జన్యువు బొత్తిగా లేని యీగలను పెంచి వానికి అదే రంగు వేసెను. చీకటిగా ఉండవలసిన కేంద్రకములన్నియు దీపావళివలె వెలిగినవి. వర్తకునికి వ్రాయగా, రెండవ సీసా వేరొక కుందేలు రక్తమునుండి తీసినదని ప్రత్యుత్తరము వచ్చెను. ఆ కుందేలు మరి దేనినో గుర్తుపట్టుట నేర్చినది.

ఆ సంవత్సరపు చిత్రములను ఆమె వేరొక పెట్టెలో పెట్టి, పైన "వాడరాదు" అని వ్రాసెను. ఇంటిలో పెండ్లిమాటలు నడచుచున్నవి. భృతి ముగియుటకు పదునాలుగు మాసములే మిగిలియున్నవి. మొదటి సీసా చిత్రములతో వ్యాసము పూర్తికాదు. రెండవ సీసా చిత్రములను చేర్చినచో ఎవరును కనుగొనలేకపోయెడివారని మాకు తెలియును, ఆమెకును తెలియును. తరువాత ఆమె ఆ కారకముయొక్క జన్యువునకే ఒక చిన్న గుర్తును అతికి, ఎల్లరును పరీక్షించి యెరిగిన ప్రతిరక్షకముతో ఆ గుర్తును వెదకెను. ఎనిమిది నెలలు పట్టెను. సీసాల మూలమున కాలము కోల్పోయినవారు మా దేశముననే కాదు, అంతట నున్నారు. 2015లో ఆండ్రూ బ్రాడ్‌బరీ, ఆండ్రియాస్ ప్లుక్థున్ అనువారు మరి నూరుమందికి పైగా శాస్త్రజ్ఞులతో కలసి నేచర్ పత్రికలో దీనిని గూర్చి మొరపెట్టి, ప్రతిరక్షకములను కుందేలు పేర కాక వాని కట్టడిని నిర్ణయించు అక్షరక్రమమును బట్టి తయారుచేయవలెనని కోరిరి.

కావున మేము ఎఫ్.పి. 3.38ను సైతము ఊరక నమ్మము. మొదటి ప్రతిరక్షకము పోయక, మేక ప్రతిరక్షకమును మాత్రమే పోసిన బిళ్ల యొకటి ప్రతి పర్యాయమును ఉండవలెను. అది వెలిగినచో దోషము రెండవ మధ్యవర్తిది. అంతకంటె గట్టి పరీక్ష మరియొకటి కలదు. పురుగులకు గంటసేపు ముప్పదియేడు డిగ్రీల వేడిమి తగిలించి, గద బిళ్లలోని కొన్ని కణములలో మాత్రము అల్ట్రాబైథొరాక్స్ జన్యువు పోవునట్లు చేయవచ్చును. ఆ కణములు విభజించి పెరిగి, పొలములో చవుడు మచ్చలవలె అక్కడక్కడ గుంపులగును. ఆ గుంపులకు ఆకుపచ్చ రంగు లేకుండునట్లు ముందే యేర్పాటు చేయుదురు గనుక వాని హద్దులు మనకు తెలియును. ఇప్పుడు ఎఱ్ఱరంగును చూడవలెను. ఆకుపచ్చ లేని ప్రతి గుంపులోను ఎఱుపు ఆరిపోయి, హద్దు దాటిన తోడనే వెలిగినచో సాక్షి సత్యవంతుడు. మంచి చిత్రములో ఈ రెండు హద్దులు కత్తితో కోసినట్లు కలియును. మాకు వెలుగుచున్న కణములకంటె ఆ నల్లని మచ్చలే ప్రియమైనవని చెప్పినచో అతిశయోక్తి కాదు.

దీనికి విపరీతమైన సందర్భమును కూడ చెప్పవలెను. అనుమానము అలవాటైనవానికి సత్యమును కూడ త్రోసిపుచ్చు ప్రమాదము కలదు. క్రొత్తగా చేరిన విద్యార్థులు రెక్క బిళ్లను చూచుచు, అద్దమును కొంచెము పైకి జరిపినప్పుడు, పెద్దవిగాను పలుచగాను ఉన్న కొన్ని కేంద్రకములు ఎఱ్ఱగా మెరయుటను చూచి ఉలికిపడుదురు. రెక్కలో అల్ట్రాబైథొరాక్స్ ఉండరాదు గదా, ప్రతిరక్షకము చెడినదని సీసాను పారవేయబోదురు. కాని ఆ కేంద్రకములు రెక్కవి కావు. బిళ్లను కప్పియున్న పలుచని పైపొరవి. ఆ పొరలో ఈ ప్రోటీను నిజముగానే యున్నది. సాక్షి చెప్పినది సత్యము. మనము విన్న లోతు వేరు.

ఇంకొక వింత. ఎఫ్.పి. 6.87 అను మరియొక ప్రతిరక్షకము అల్ట్రాబైథొరాక్స్‌ను, దాని తమ్ముడైన అబ్డామినల్-ఏ అను ప్రోటీనును వేరుచేయజాలదు. ఈ అన్నదమ్ములకు డి.ఎన్.ఏ.ను పట్టుకొను భాగములో పోలిక మిక్కుటము. ఒక్కనినే పట్టవలెననువారికి ఇది లోపమే. అయితే ఆ పోలిక జంతువులు మారినను మారలేదు గనుక, మైకలిస్ అవెరోఫ్, నిపమ్ పటేల్ అనువారు 1997లో దీనినే తీసికొని పెక్కు రొయ్యజాతి జీవుల పిండములను పరీక్షించిరి. ఈ ప్రోటీనులు లేని వక్ష ఖండములలో కాళ్లు నోటికి తోడ్పడు అవయవములుగా మారియున్నవని వారు చూపిరి. ఒకచోట పనికిరాని గుణము మరియొకచోట కన్ను తెరపించినది.

ఈ పని పరదేశములకే చెల్లినదని తలపవలదు. మన హైదరాబాదులో 1977లో స్థాపింపబడిన కణ, అణుజీవశాస్త్ర పరిశోధన కేంద్రములో, సీ.సీ.ఎం.బి. యని ఎల్లరు పిలుచు సంస్థలో, ఎల్. ఎస్. శశిధరగారును వారి శిష్యులును గద బిళ్లనే చిరకాలము పరిశోధించిరి. రెక్క అంచును తీర్చు సంకేతములను అల్ట్రాబైథొరాక్స్ అణచివేయునని 1999లో వారు ప్రకటించిరి. అదే సంస్థలో రాకేష్ మిశ్రాగారు ఈ జన్యువుల కుటుంబము ఎప్పుడు తెరువబడునో, ఎప్పుడు మూయబడునో నియమించు డి.ఎన్.ఏ. భాగములను పరిశోధించిరి. తేనెటీగ వెనుక రెక్కలోను, సీతాకోకచిలుక వెనుక రెక్కలోను ఈ ప్రోటీను ఉన్నది. అయినను అక్కడ రెక్క రెక్కగానే యున్నది. ఆజ్ఞ యిచ్చువాడు ఒక్కడే; వినువారు వేరు. ఎందుచేత వేరైరన్నది ఇంకను పూర్తిగా తేలలేదు. ఈ సంచిక చదువుచున్న వారిలో ఎవరైనను దానిని తేల్చినచో మాకు అసూయయు సంతోషమును సమముగా కలుగును.

మెరయు రంగులు కొన్ని వారములకు వెలిసిపోవును. వానిని చూచుటకు కావలసిన యంత్రము బడిలో ఉండదు. కావున మేము మరియొక పద్ధతిచే గోధుమరంగు నిలుచునట్లు అద్దిన అయిదు గాజుపలకలను ఈ వ్యాసముతోపాటు జీవశాస్త్రపు గదికి పంపుచున్నాము. బడిలోని సామాన్య సూక్ష్మదర్శినికే అవి చక్కగా కనబడును. వానిమీద సంఖ్యలు తప్ప మరేమియు వ్రాయలేదు. కొన్ని గదలు, కొన్ని రెక్కలు. వానిలో ఒకదానికి మొదటి ప్రతిరక్షకమును పోయనేలేదు. తొమ్మిది, పది తరగతుల విద్యార్థులు ఒకరితో నొకరు మాటలాడక, ఏ సంఖ్య ఏదో, ఏల అట్లు తలచితిరో కాగితముమీద వ్రాసి ఉపాధ్యాయులకు ఈయవలెను. ఉత్తరములు గల లకోటా వారియొద్దనే ముద్ర వేసియున్నది. వార్షికోత్సవము మరునాడు దానిని తెరచెదరు.